రెండు కిలోమీటర్ల గొడవ

మా అత్త హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయింది. ఇప్పుడు వాళ్ళ కాలనీ భజన మండలికి లెక్కలూ ఆమే, ప్రయాణాలూ ఆమే. ఈసారి హంపి. 12 మంది ఆడవాళ్ళు, ఒక టెంపో ట్రావెలరు, అనంతపురం నుంచి ఉరవకొండ, బళ్లారి మీదుగా, రెండు రోజులు. మా తమ్ముడిది బెంగళూరులో ఉద్యోగం. హంపికి వీపుసంచి తగిలించుకుని పోయి, బండల మీద తిరిగి, నల్లగా మాడి వచ్చే రకం. పండక్కి వచ్చినవాడు అత్త రాసిపెట్టుకున్న ప్రోగ్రాం కాగితం చూశాడు. చూసి ఊరుకోలేదు. ఇద్దరి మధ్యా కూర్చుని విన్నదాన్ని కాబట్టి రాస్తున్నాను. నా మాట ఎక్కడైనా కలిపితే బ్రాకెట్లో పెడతాను.

తమ్ముడు: అత్తా, ఇదేంది? విరూపాక్ష గుడి 40 నిమిషాలు. లక్ష్మీనరసింహ 10. రాణి స్నానాల మహలు 10. లోటస్ మహలు, ఏనుగుల సాలలు కలిపి 30. విఠలాలయం గంట. తర్వాత తుంగభద్ర డ్యాం రెండు గంటలు! ఒక సామ్రాజ్యపు రాజధానికి రెండున్నర గంటలు, ఆనకట్ట కింద పార్కుకు రెండు గంటలా?

అత్త: డ్యాం మాకు పార్కు కాదు నాయనా. మన జిల్లాకు నీళ్ళిచ్చే హెచ్చెల్సీ కాలువ అక్కడ్నుంచే వచ్చేది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ జిల్లాలో ఎంతమంది టీవీల ముందు కూర్చున్నారో నీకు తెలీదు, నువ్వు బెంగళూరులో ఉన్నావు. గేట్ల ఇంజనీరు కన్నయ్యనాయుడు పోయి, పారే నీళ్ళలోనే స్టాప్‌లాగులు దింపించేదాకా మా ప్రాణం కుదుట పడలేదు. ఆ గేటు కళ్ళారా చూడాలని మావాళ్ళే అడిగినారు.

తమ్ముడు: ఆ మాట నిజమే. కానీ డ్యాం కాగితంలోకి ఎందుకొచ్చిందో ఇంకో లెక్క ఉంది. బండి ఓనరు రోజుకు 300 కిలోమీటర్లు మినిమం అన్నాడా లేదా?

అత్త: అన్నాడు. డ్రైవరు బత్తా వేరే.

తమ్ముడు: చూశావా. రెండు రోజులకు 600. బండి తిరిగినా తిరక్కపోయినా ఆ డబ్బు కట్టాల. ఇక్కణ్ణుంచి హంపికి పోనూ రానూ నాలుగొందలు కూడా కాదు. మిగిలిన కిలోమీటర్లు ఊరికే పోతున్నాయే అని మీకు మనసు పీకుతుంది. అందుకని ఒక డ్యాము, ఒక అంజనాద్రి, వీలైతే మంత్రాలయం. మీ ప్రోగ్రాం రాసింది నువ్వు కాదత్తా, ఆ బండి మీటరు.

(ఇది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మనం ఎక్కిన ప్రతి వ్యానూ చివర్లో ఎందుకో సంబంధం లేని చోటికి తీసుకుపోతుంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.)

అత్త: కట్టిన డబ్బుకు తిరగాలనుకోవడం తప్పెట్లయితుందిరా? మా మండలిలో ఒకామె నెల నెలా పింఛను డబ్బుల్లోంచి కొంచెం కొంచెం పక్కన పెట్టుకుని వస్తాంది. ఆమెకు హంపి అంటే హంపీ, డ్యామూ, దార్లో ఉగ్గాని బజ్జీ, అన్నీ కలిపి. అంజనాద్రి కొండ 575 మెట్లూ ఎక్కుతానంటోంది. హనుమంతుడు అక్కడ పుట్టినాడని అక్కడివాళ్ళంటే, కాదు తిరుమల అంజనాద్రిలోనే అని టీటీడీ 2021లో చెప్పింది కదా. ఆమె ఏమందో తెలుసా? "రెండు చోట్లా దండం పెట్టుకుంటే పోలా, పేచీ వాళ్ళది" అంది. నీకు నచ్చినవి మాత్రమే చూడాలంటే ఆమె ఎందుకు రావాల?

తమ్ముడు: రావద్దని కాదు. హంపికి పోయి హంపిని చూడకుండా వస్తారనే నా ఏడుపు. అది గుళ్ళ జాబితా కాదు. 41 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఊరు. 1,600 పైచిలుకు కట్టడాలు మిగిలినాయి. వ్యాను ఏడెనిమిది చోట్ల ఆగుతుంది. ఆగిన చోటికీ చోటికీ మధ్య మీరు తలుపు వేసుకుని, ఏసీ పెట్టుకుని, అంత్యాక్షరి మొదలుపెడతారు. మీరు అంత్యాక్షరి ఆడుకునే ఆ మధ్యలోనే ఉంది రాజధాని.

అత్త: మధ్యలో ఏముంది? అరటితోటలు.

తమ్ముడు: నేను చెప్పేదీ అదే! 1443లో పారశీకం నుంచి వచ్చిన అబ్దుర్ రజాక్ ఏం రాశాడు? ఒకదాని లోపల ఒకటిగా ఏడు కోటగోడలు. బయటి మూడు గోడల మధ్యా పొలాలు, తోటలు, ఇళ్ళు. అక్కణ్ణుంచి లోపలికి అంగళ్ళు, జనం. అంటే పొలాలు కూడా పట్నం లోపలివే. ఇప్పుడు ఆ అరటితోటలకు నీళ్ళు పెట్టే తుర్తు కాలువ విజయనగర కాలంలో తవ్విందే, ఇప్పటికీ పారుతోంది. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత ఊరంతా పాడుపడింది. అయినా విరూపాక్షుడి పూజ ఆగలేదు, ఆ కాలువా ఆగలేదు. మీరు దాని గట్టు మీదుగానే పోతూ, ఏదో పల్లె అనుకుని కిటికీ తెర లాగేస్తారు.

అత్త: ఎండ కొడితే లాగమా? కిటికీలోంచి కనబడుతుందని నువ్వే అంటున్నావు. ఇది ఫలానా అని చెప్పేవాళ్ళుంటే తెలుస్తుంది. చెప్పేవాళ్ళు లేకపోవడం వ్యాను తప్పా? నేను డ్రైవరు పక్క సీట్లో కూర్చుని మైకు పట్టుకుంటా. నడిచేవాడికి మాత్రం కాలువ ఎదురొచ్చి, అయ్యా నేను తుర్తు కాలువను అని చెప్తుందా?

తమ్ముడు: చెప్పదు. కానీ నడిచేవాడికి దాహమైతుంది, నీడ కోసం వెతుకుతాడు, కాలువ గట్టున కూర్చుంటాడు. కూర్చున్నాక ఈ నీళ్ళు యాడినుంచి వస్తున్నాయని అడుగుతాడు. వ్యానులో అడగాల్సిన పని రాదు, బిస్లరీ ఉంటుంది.

అత్త: నీకు దాహమైతే గట్టు మీద కూర్చుంటావు. ఇంకో అవసరమొస్తే చెట్టు చాటుకు పోతావు. 60 దాటిన ఆడది ఎక్కడికి పోతుందిరా? మేం ప్రోగ్రాం రాసుకునేది గుళ్ళను బట్టి కాదు, బాత్రూంలను బట్టి. కమలాపురం మ్యూజియం దగ్గర ఉంది, కాబట్టి మ్యూజియం మొదట. అది నీ బ్లాగువాళ్ళు ఎవరూ రాయరు.

(తమ్ముడు దీనికి జవాబు చెప్పలేదు. చెప్పగలిగింది లేదు కూడా.)

అత్త: ఇంకోటి విను. ఒక్కదాన్నే హంపికి పోతానంటే ఇంట్లో "ఏం పని?" అంటారు. మండలి వాళ్ళంతా వ్యాను మాట్లాడుకున్నాం అంటే "ఎన్ని గంటలకొస్తారు?" అంటారు. ఆ రెండు ప్రశ్నల మధ్య తేడా నీకు తెలీదు. మా 12 మందిలో సగం మంది తిరుపతి తప్ప ఇంకో ఊరు మొగుడు లేకుండా చూసిందే లేదు. నువ్వు చరిత్ర చూడ్డానికి పోతావు. వాళ్ళు బయటికి పోవడానికి పోతారు. పోయినచోట చరిత్ర కూడా ఉంటుంది.

తమ్ముడు: ఉంటుంది సరే, చూస్తారా అని. విఠలాలయంలో నిలబడి చూడు ఒకసారి. రాతిరథం ముందు వరుస కడతారు. ప్రతివాళ్ళూ పర్సులోంచి 50 రూపాయల నోటు తీస్తారు. 2017లో వచ్చిన నీలం నోటు. దాన్ని చేయి చాచి పట్టుకుని, నోటు మీది రథమూ ఎదుటి రథమూ పక్కపక్కన వచ్చేటట్టు ఫొటో. నోటు గాలికి వంగితే మళ్ళీ తీస్తారు. తర్వాత నోటు పర్సులోకి, వాళ్ళు వ్యానులోకి. ఆ నోటు మీద ఉన్న రూపం కూడా పూర్తి రథం కాదని ఎవరికీ తెలీదు. 1856లో గ్రీన్‌లా అనే దొర తీసిన ఫొటోలో ఆ రథం పైన ఇటుకలతో కట్టిన గోపురం ఉంది. తర్వాత దాన్ని తీసేశారు. అసలది రథం కూడా కాదు, గరుత్మంతుడి గుడి.

అత్త: తెలీదు కాబట్టి చూడలేదంటావా? నేనొక సంగతి చెప్తా. పోయినసారి విరూపాక్ష గుడిలో గర్భగుడి వెనక ఆ చీకటి గదికి తీసుకుపోయినా అందర్నీ. తూర్పు గోపురం నీడ తలకిందులుగా గోడ మీద పడే చోటు. 50 మీటర్ల ఎత్తు గోపురం, తొమ్మిది అంతస్తులు. గోడలో చిన్న సందు గుండా వెలుగొచ్చి అదంతా బోర్లా పడుతుంది. పిన్‌హోల్ కెమెరా అని ఎనిమిదో తరగతి వాళ్ళకు బోర్డు మీద గీసి చెప్పేవాళ్ళం, సైన్సు సారూ నేనూ పోట్లాడుకుని మరీ. అక్కడ మసక గోడ మీద సరిగ్గా కనబడలేదు. మాలో ఒకామె తెల్ల జరీచీర కట్టుకుంది. ఏమనుకుందో, ముందుకు పోయి పైట కొంగు రెండు చేతులతో విప్పి గోడ ముందు పట్టింది. గోపురం ఆమె కొంగు మీద పడింది, కలశాలు కిందికి. ఆమె కొంగు కాస్త ముందుకు జరిపితే చిన్నదైంది, వెనక్కి జరిపితే పెద్దదైంది. మేమందరం ఒకరి తర్వాత ఒకరం కొంగు పట్టుకున్నాం. వెనక క్యూ వాళ్ళు తిట్టుకున్నారు. అక్కడే 20 నిమిషాలు పోయినాయి. నువ్వు ఒక్కడివే పోయినప్పుడు కొంగు ఎవరు పడతారు నీకు?

తమ్ముడు: (నవ్వి) అది బాగుందత్తా. కానీ ఆ 20 నిమిషాలు దేంట్లోంచి కోసినావు?

అత్త: మహర్నవమి దిబ్బలోంచి.

తమ్ముడు: అయిపోయింది! రాయలు కూర్చుని నవరాత్రి ఉత్సవాలు చూసిన దిబ్బను కోసి పారేసినావు. దాని పక్కనే మెట్ల కోనేరు. 1980లలో తవ్వితే బయటపడింది. కమ్మీ అవతల నిలబడి చూస్తే నల్లరాతి మెట్లు, అంతే. కొంచెం సేపు కూర్చుని ఒక్కొక్క రాయినే చూస్తే, ప్రతి రాయి మీదా ఉలితో చెక్కిన గుర్తులు, అక్షరాలు కనబడతాయి. ఏ దిక్కు, ఎన్నో వరుస, ఎన్నో రాయి అని. ఎక్కడో చెక్కి, గుర్తులు పెట్టి, తెచ్చి ఇక్కడ పేర్చినారు. రాజుల పేర్లు శాసనాల్లో ఉంటాయి. పనివాళ్ళు ఒకరికొకరు రాసుకున్న మాటలు ఆ మెట్ల మీద ఉన్నాయి. దానికి 10 నిమిషాల లెక్క కుదరదు.

అత్త: అది నాకూ తెలీదు. ఈసారి చూపిస్తా.

తమ్ముడు: మధ్యాహ్నం పన్నెండింటికి చూపిస్తావు. ఆ ఆవరణలో చెట్టు నీడ దొరకదు. పొద్దున ఆరుకు ఇక్కడ ఎక్కి, దార్లో టిఫిను చేసి, పదకొండుకు దిగితే హంపి ఏం కనబడుతుంది, రాయి కాగి సెగ కొడుతుంటే? పొద్దున్నే గుడి ఏనుగు లక్ష్మి తుంగభద్రలో స్నానానికి దిగుతుంది. అది చూసినవాళ్ళు వ్యానువాళ్ళలో ఎవరున్నారు?

అత్త: సరే, మొదటిరోజు డ్యాం, రాత్రి హోస్పేటలో బస, రెండోరోజు తెల్లవారి హంపి. అట్లా మార్చుకుంటాం. ఇంక ఏముంది?

తమ్ముడు: వ్యాను ఉంది. అసలు బండ్ల వల్లే హంపికి ఎంత నష్టమో తెలుసా? తుంగభద్ర మీద ఆనెగొంది దగ్గర వంతెనలు మొదలుపెట్టారు. వాటి వల్ల 1999లో యునెస్కో హంపిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టింది. 1986లో ప్రపంచ వారసత్వమని ఇచ్చిన పేరు పోయేంత పనయింది. 2006లో గానీ ఆ జాబితాలోంచి తీయలేదు. 2009 జనవరిలో వాటిలో ఒక వంతెన కడుతూ కడుతూనే కూలిపోయింది, కూలీలు చచ్చిపోయినారు. విఠలాలయం దాకా ఒకప్పుడు బండ్లు పోయేవి. పొగ, అదురు తగులుతుందని ఇప్పుడు కిలోమీటరు ఇవతలే ఆపి బ్యాటరీ బండ్లు పెట్టినారు. సప్తస్వర స్తంభాలను తట్టి తట్టి అరగదీసినందుకు ముట్టుకోనివ్వడం లేదు. గుంపు వచ్చిన చోటల్లా ఏదో ఒకటి మూసేయాల్సి వస్తుంది.

అత్త: వంతెన అడిగింది మా భజన మండలి కాదురా. ఆనెగొంది వాళ్ళకు ఆసుపత్రికి పోవాలన్నా, ధాన్యం అమ్మాలన్నా నది దాటాల. పుట్టిలో ఎన్నాళ్ళు దాటుతారు? యాత్రికుడికి పుట్టి సరదా, ఊరివాడికి అది ఇబ్బంది. ఇంకోటి, నువ్వు చెప్పని సంగతి నేను చెప్తా. విరూపాక్ష గుడి ముందు బజారు వీధి. పాత రాతి మండపాల్లో కాపురాలుండేవి, హోటళ్ళుండేవి. నేను పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కు తీసుకుపోయినప్పుడు అక్కడే ఇడ్లీలు తిన్నాం. 2011 జులైలో ఆ ఇళ్ళన్నీ కూలగొట్టి జనాన్ని ఖాళీ చేయించారు, కట్టడాలను కాపాడాలని. నది అవతల విరూపాపుర గడ్డెలో మీలాంటి కుర్రవాళ్ళు ఉయ్యాల మంచాల్లో పడుకునే రిసార్టులు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో కూల్చినారు. ఆ రిసార్టులు వ్యానుల్లో వచ్చే ముసలోళ్ళ కోసం కట్టినవి కాదు. వీపుసంచులు తక్కువేం పాడు చేయలేదు.

(నాకు తెలిసి తమ్ముడు ఆ గడ్డెలోనే దిగేవాడు. నేను నోరు విప్పలేదు.)

తమ్ముడు: సరే, అందరమూ పాడు చేసినవాళ్ళమే. కానీ చూసే పద్ధతి గురించి మాట్లాడుతున్నాం. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ ఏమన్నాడు? నీ అల్మరాలోనే ఉంది, సూయల్ దొర 1900లో అచ్చేయించిన పుస్తకం. ఈ పట్నమంతా ఒక్కచోటి నుంచి కనబడదు, అందుకే ఎంత పెద్దదో రాయలేను అన్నాడు. కొండెక్కి చూస్తే కనబడినంత మేరే రోము నగరమంత ఉందన్నాడు. కొండెక్కినాడత్తా! మతంగ కొండో, ఇంకోటో ఎక్కకుండా ఆ ఊరు అర్థం కాదని 500 ఏళ్ళ కిందే చెప్పినాడు.

అత్త: పేస్ సంగతి నాకు చెప్తావా? ఆ పుస్తకం నువ్వు కొండల దాకా చదివినావు, నేను వాకిళ్ళ దాకా చదివినా. పేస్ ఒక్కడే రాలేదు. క్రిస్టోవావ్ డి ఫిగెరెడో వెంట వచ్చిన గుంపులో ఒకడు. రాయల సెలవు తీసుకుని, తోడు ఒక అధికారి ఉండి చూపిస్తే వాళ్ళు నగరు లోపల చూసినారు. వాకిట్లో కావలివాళ్ళు ఏం చేసినారు? మీరు ఎంతమంది అని లెక్కపెట్టి, ఆ లెక్క ప్రకారం ఒక్కొక్కరినే లోపలి ముంగిట్లోకి వదిలినారు. ఆయనే రాసుకున్నాడు. నేను వ్యాను తలుపు దగ్గర నిలబడి "తొమ్మిది, పది, పదకొండు, ఇంకొకామె ఏదీ?" అంటే నువ్వు నవ్వుతావు. రాయల కాలం నుంచీ ఆ రాజధానిని తలకాయలు లెక్కపెట్టే చూపిస్తున్నారు.

(ఈ దెబ్బకు మావాడు కాసేపు కాఫీ తాగాడు. పుస్తకం తెచ్చి పేజీ కూడా చూసుకున్నాడు. ఉంది.)

తమ్ముడు: ఉంది. ఒప్పుకున్నా. కానీ లెక్కపెట్టి లోపలికి పంపినవాళ్ళు టైమైపోయిందని హారన్ కొట్టలేదు కదా. నా బాధ గుంపు మీద కాదు, గడియారం మీద. డ్రైవరు పార్కింగులో నిద్రపోయి లేచి హారన్ కొడతాడు. మీరు చూస్తున్నది వదిలేసి పరుగెత్తుతారు.

అత్త: టికెట్టు మీద ఏముందో చూసినావా? 40 రూపాయల టికెట్టు. అదే టికెట్టుతో విఠలాలయం, లోటస్ మహల్ ఆవరణ, కమలాపురం మ్యూజియం, మూడూ చూడొచ్చు, కానీ ఆ ఒక్కరోజే. తెల్లారితే చెల్లదు. సర్కారే పరుగెత్తమంటే డ్రైవర్ని అంటావేం?

తమ్ముడు: అది నిజంగానే పిచ్చి రూలు.

అత్త: ఇంకా ఉంది. అంత నడక భక్తుడివి కదా, ప్రతి పండక్కీ బెంగళూరు నుంచి 44వ నంబరు హైవే మీద వస్తావు. దార్లో పెనుకొండ వస్తుంది. 1565 తర్వాత తిరుమలరాయలు ఆ సామ్రాజ్యాన్ని అక్కడికే మోసుకొచ్చినాడు. అదీ రాజధానే. గగనమహల్ ఎట్లుంటుందో చెప్పు.

తమ్ముడు: ...

అత్త: పోనీ, ఆ గోడల రంగైనా చెప్పు.

తమ్ముడు: బస్సు పెనుకొండలో ఆగదత్తా.

అత్త: చూశావా, బస్సు ఆగదట! నేనడిగింది నిన్ను. బస్సును కాదు.

(అత్తకు ఇంత సంతోషం నేను ఈమధ్య చూడలేదు. నిజానికి ఇది మా ఇంట్లో అందరికీ తగిలే దెబ్బ. హంపి అంటే పూనకం వచ్చే తెలుగువాళ్ళం, పెనుకొండ అంటే బైపాస్ అనుకుంటాం.)

తమ్ముడు: సరే. మళ్ళీ మన ఊరికి, అంటే హంపికి రా. వ్యానులో వచ్చే తెలుగువాళ్ళందరూ గైడును అడిగే ప్రశ్న ఒకటే: భువనవిజయం ఎక్కడ? 'ఆదిత్య 369' చూసినవాళ్ళు మరీను. పెద్దన, తిమ్మన కూర్చున్న గది కావాల, గోడలతో, సింహాసనంతో. గైడు కూడా చేతికందిన మండపం చూపిస్తాడు. రాజప్రాంగణంలో 100 స్తంభాల సభామందిరం ఉంది. ఉందంటే, పదేసి చొప్పున పది వరుసల రాతి దిమ్మెలు నేల మీద మిగిలినాయి. స్తంభాలు కొయ్యవి, కాలిపోయినాయి. భువనవిజయం అదేనని గట్టిగా ఎవరూ చెప్పలేరు. కానీ ఆ దిమ్మెల మధ్య నిలబడితే ఆ సభ ఎంత పెద్దదో కాళ్ళకు తెలుస్తుంది. వ్యానువాళ్ళు అక్కడ దిగరు, ఎందుకంటే ఫొటోలో ఏమీ కనబడదు.

అత్త: దిగుతాం. నేను దింపుతా. ఒక్కొక్కరినీ ఒక్కొక్క దిమ్మె దగ్గర నిలబెడతా. 12 మందిమి, ఒక వరుస నిండి ఇద్దరు మిగులుతారు. నీకు ఇంకేం కావాల?

తమ్ముడు: ఒకే ఒక్కటి. విరూపాక్ష గుడి నుంచి విఠలాలయానికి నడిపించు. నది గట్టు మీద రెండు కిలోమీటర్లు. వ్యానులో పోవాలంటే కమలాపురం పోయి, తళారిఘట్ట ద్వారం మీదుగా చుట్టూ తిరిగి, కిలోమీటరు దూరంలో దిగి, బ్యాటరీ బండి కోసం క్యూ కట్టాల. నడిస్తే చక్రతీర్థం దగ్గర కోదండరాముడి గుడి. తర్వాత కుడిచేతి పక్కన అచ్యుతరాయల గుడి ముందు బజారు, విరిగిన స్తంభాలు వరుసగా. నదిలోకి చూస్తే పాత రాతివంతెన కాళ్ళు ఇంకా నిలబడి ఉంటాయి. నీ వంతెన గొడవ ఇప్పటిది కాదు, విజయనగర కాలంలోనే ఉంది. చివర్లో రాజు తులాభారం తూగినాడనే రాతి తోరణం. దాని కింద నుంచి పోతే విఠలాలయం. అప్పుడు ఆ గుడి పార్కింగు అవతల ఉన్న గుడి కాదు, బజారు దాటి, నది పక్కగా నడిచి చేరుకున్న గుడి. కట్టినవాళ్ళు అట్లా చేరుకోవాలనే కట్టినారు.

అత్త: కాళ్ళున్న వాళ్ళకు.

తమ్ముడు: రెండు కిలోమీటర్లే అత్తా! మీ మండలి వాళ్ళు కార్తీక సోమవారం అంతకంటే ఎక్కువ ప్రదక్షిణాలు చేస్తారు.

అత్త: చదును నేల మీద. అక్కడ బండలెక్కి దిగాల. నాలుగేళ్ళ కింద ఇద్దరికి మోకాళ్ళ ఆపరేషన్లయినాయి. ఒకామెకు షుగరు. ఒకామె బరువు నేను చెప్పను.

తమ్ముడు: రాలేనివాళ్ళు వ్యానులో రండి. రాగలిగినవాళ్ళు నాతో నడుస్తారు. నేను సెలవు పెట్టుకుని వస్తా. వ్యానులో వచ్చేవాళ్ళకూ నష్టం లేదు. కమలాపురం దాటాక గాణగిత్తి జైన బసది వస్తుంది, 1385లో ఇరుగప్ప దండనాథుడు కట్టించింది, స్తంభం మీద శాసనం కూడా ఉంది. ఏ వ్యానూ అక్కడ ఆగదు. మీరు ఆపించండి. అట్లయితే మీరు చూసింది మేం చూడం, మేం చూసింది మీరు చూడరు.

అత్త: గుంపును రెండు చేస్తానంటావు. తలకాయలు ఎవరు లెక్కపెడతారు? మీరు ముందు చేరితే మా కోసం ఎండలో నిలబడతారు. మేం ముందు చేరితే ఆమె యాడికి పోయిందో అని నేను బీపీ తెచ్చుకుంటా. అక్కడ బండల మధ్య ఫోను సిగ్నలు కూడా సరిగ్గా అందదు.

తమ్ముడు: రాతిరథం దగ్గర కలుద్దాం. ఎవరు ముందొస్తే వాళ్ళు మండపం నీడలో కూర్చుంటారు. డ్రైవరుకు ముందే చెప్పి, హారన్ కొట్టొద్దని బత్తా మీద ఇంకో వంద ఎక్కువిద్దాం.

అత్త: వంద ఎవరిస్తారు?

తమ్ముడు: నేనిస్తా.

అత్త: రాసుకో అమ్మాయ్. (ఇది నాకు.) అయినా ఒక మాట. నడవగలిగినవాళ్ళు ఐదుగురో ఆరుగురో ఉంటారు. మిగిలినవాళ్ళు వ్యానులో కూర్చుని మేం ముసలోళ్ళమని బాధపడకూడదు. అందుకని నేను వ్యానులో పోతా, నాకు నడక వచ్చినా సరే.

తమ్ముడు: అది అన్యాయం. ఆ దారి నువ్వు చూడాల.

అత్త: చెట్టంత మనవళ్ళున్నారు నాకు, ఏది చూడాలో నువ్వు చెప్పొద్దు. అదీ కాక, ఆ దారి నేను చూసినదాన్నే. ఎక్స్‌కర్షన్‌కు 60 మంది పిల్లల్ని లైన్లో నడిపించినా దాని మీద, చక్రతీర్థం దగ్గర ఒకడు చెప్పు నదిలో పడేసుకుంటే వాడిని ఎత్తుకుని మరీ. నువ్వు పోయి మావాళ్ళకు చూపించు. వాళ్ళలో ఒకామెకు తుంగభద్రను చూస్తే ఏడుపొస్తుంది, ఎందుకని అడగొద్దు. పులిహోర, దద్దోజనం వ్యానులో ఉంటాయి. నీళ్ళసీసాలు మాత్రం నువ్వు మోయాల.

తమ్ముడు: ఆరుగురికా?

అత్త: ఆరుగురికి, తలా రెండు. నీకు వీపుసంచి ఉంది కదా.